బండిలో కునుకు

“ప్రయాణికులకు మనవి. తలుపులకు ఆనుకొని నిలబడరాదు. మీ సామానుకు మీరే బాధ్యులు. పిల్లల చేయి వదలరాదు...”

బేకరీ అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. అప్పుడప్పుడే కళ్లు మూతపడుతున్నాయి.

“మళ్లీ మొదలుపెట్టింది మహాతల్లి!” అంది పైనున్న స్పీకరు వంక కొరకొరా చూస్తూ.

“ఇంకా నయం. తుమ్మే ముందు రుమాలు తీయవలెను అనలేదు” అన్నాడు ఎదుటి సీట్లో పేపరు చదువుతున్న పెద్దాయన.

రైలు పెట్టెలో నలుగురూ నవ్వారు. అమ్మాయికి నవ్వు రాలేదు.

రాత్రంతా బేకరీలో పొయ్యి దగ్గర పని. ఇంటికి చేరేసరికి ఏడాది పిల్లాడు లేచి కూర్చుంటాడు. వాణ్ణి ఆమె చేతికిచ్చి మొగుడు పనికి పరుగెడతాడు. ఇక సాయంత్రం దాకా నడుం వాల్చే వీలుండదు. నిద్ర అని చెప్పుకోవాలంటే ఆమెకు ఈ బండిలో గడిచే ముప్పావు గంటే. అందులో ప్రతి స్టేషనుకు ముందూ, వెనకా ఈ హితబోధ.

“ఈ గొంతు ఎవరిదో గానీ, దొరికితే నోట్లో బన్ను కుక్కేస్తాను!”

పక్క సీట్లో పెద్దావిడ భుజాలు కదిలిపోయేలా నవ్వింది. చప్పుడు మాత్రం రాలేదు.

“మీకూ నవ్వులాటగానే ఉందా పిన్నిగారూ?”

ఆవిడ గొంతు మీద వేలు పెట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది.

“అయ్యో, మాట రాదా? ఏమనుకోకండి పిన్నీ.”

ఆవిడ ఏమీ అనుకోలేదు. తన భుజం తట్టి చూపించింది, ఇక్కడ తల పెట్టుకో అన్నట్టు. ఎక్కడ దిగాలో చేతులతోనే అడిగి తెలుసుకుంది.

ఆ రోజు నుంచి అమ్మాయి అక్కడే నిద్రపోయేది.

టిక్కెట్లు చూసేవాడు వస్తే పిన్ని పెదాల మీద వేలు పెట్టి, రెండు టిక్కెట్లూ తానే చూపించేది. స్పీకరు గురగురమనగానే అరచేత్తో అమ్మాయి చెవి మూసేది. దిగాల్సిన చోటుకు ఒక స్టేషను ముందు, మణికట్టు మీద మెల్లగా రెండు వేళ్లతో తట్టేది.

“కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా నిద్ర లేపదు” అని బేకరీలో అందరికీ చెప్పుకుంది అమ్మాయి.

ఒక పొద్దున ఆవిడ కోసం వేడి బన్ను తెచ్చింది. పిన్ని స్పీకరు వైపు వేలు చూపించి, తన నోరు బారెడు తెరిచింది.

“మీకెందుకు పిన్నీ శిక్ష? కుక్కాల్సింది ఆ మహాతల్లి నోట్లో కదా!”

పిన్ని బన్ను లాక్కుని బుగ్గలు ఉబ్బేదాకా కుక్కుకుంది. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు తుడుచుకుంది.

కానీ అరచెయ్యి ఎంతని ఆపుతుంది? ప్రతి స్టేషనుకూ అమ్మాయి ఉలిక్కిపడుతూనే ఉంది.

ఒక రోజు చేతికి కట్టుతో బండెక్కింది.

“పొయ్యి దగ్గర కునికాను పిన్నీ. చెయ్యి వేడి ట్రేకి తగిలింది. ఇంకోసారి కునికితే పనిలోకి రావద్దన్నాడు మాస్టరు. ఈ పని పోతే మా ఇల్లు గడవదు.”

“ఈ గోల ఆపమని స్టేషన్లో ఎన్నిసార్లు మొత్తుకున్నాం! వాళ్ల చెవికెక్కితేగా” అన్నాడు పేపరాయన.

పిన్ని ఆ చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడే స్పీకరు మొదలైంది. ఈసారి ఆవిడ అమ్మాయి చెవి మూయలేదు. తలెత్తి, మొత్తం అయ్యేదాకా అలా వింటూ కూర్చుంది.

మర్నాడు పిన్ని రాలేదు.

కొన్నాళ్లకు ఆ గొంతూ రాలేదు. చిన్న గంట, ఆ వెనక యంత్రంలాంటి గొంతుతో స్టేషను పేరు. అంతే.

“హమ్మయ్య! మన మొర ఆలకించారు” అని పేపరాయన పేపరు మొహం మీద పరుచుకున్నాడు. సగం పెట్టె గుర్రు పెట్టింది.

అమ్మాయి ఒళ్లెరక్కుండా నిద్రపోయింది. ఆ రోజే కాదు, ఆ తర్వాతా.

“ఏమ్మాయ్, మొహంలో కళొచ్చింది! ఇక నీ పనికి ఢోకా లేదులే” అన్నాడు బేకరీ మాస్టరు.

ఈ మాట పిన్నికి చెప్పాలి. పిన్నేమో కనిపించదు. చూసి చూసి, ఒక పొద్దున దిగగానే స్టేషను మాస్టరు గదికి వెళ్లింది.

“మాట రాని పెద్దావిడ ఒకరు ఈ బండిలో వచ్చేవారండీ. మీకేమైనా తెలుసా?”

“తెలియకపోవడమేంటమ్మా! ఆవిడ ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేసి మానేశారు.”

“ఇప్పుడు ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉన్నారు. ఆ అనౌన్స్‌మెంట్లు తీసేయమని అడగడానికి వచ్చారు. మళ్లీ రాలేదు.”

“తీయించింది ఆవిడా!”

“స్పీకరు చూపించి, చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసి చూపించారు. ఎవరో పిల్లకు నిద్ర కావాలట. పోనీ కొన్ని ఉంచుదామండీ అన్నాను. ఒప్పుకోలేదు.”

“మేమంతా మొత్తుకున్నా తీయలేదు కదా మీరు?”

“ఎలా తీస్తామమ్మా? ఆవిడ కోసమే కదా అన్నాళ్లూ ఉంచింది.”

“ఆవిడ కోసమా?”

స్టేషను మాస్టరు చేతిలో కలం కింద పెట్టాడు.

“గొంతు ఆపరేషనయ్యాక ఆవిడకు మిగిలిన మాటలు అవేనమ్మా, అవి వినడానికే రోజూ ఆ బండెక్కేవారు.”