ఎవరి గొంతులో వాళ్ల పాట

ముప్పై ఏళ్లుగా ర్యాప్ పాటలు రాసి, పాడి, సంగీతం కూర్చినందుకు గోదావరిఖనిలో శాలువా కప్పించుకుని, ఓదెలు బస్టాండు పక్క టీకొట్టు దగ్గర ఆగాడు. పాట ఎవరి స్పీకర్లో మోగితే వాళ్ల గొంతులోకి మారి వినిపించే కొత్త పద్ధతికి అందరికంటే ముందు ఒప్పుకున్నది అతనే. తన గొంతున్న పాత రికార్డింగులన్నీ తన చేతులతోనే చెరిపేశాడు. ఇవాళ్టి సన్మానంలో అందరూ ఎక్కువ పొగిడింది ఆ తెగువనే.

కొట్టులోని స్పీకర్లోంచి అతని మొదటి పాట వస్తోంది, టీ కాచే రాజేశ్వరి గొంతులో. ఓదెలు బొగ్గుబాయిలో పోయిన తన తండ్రి మీద కట్టిన పాట అది. 'బాపూ' అన్నచోట అప్పట్లో గొంతు పూడుకుపోతే, తీసేయబుద్ధికాక అలాగే ఉంచాడు. రాజేశ్వరి గొంతు ఆ మాటను నున్నగా దాటిపోయింది.

ఉండబట్టలేక ఓదెలు ఆ చరణం అందుకున్నాడు. గొంతు మళ్లీ అక్కడే పూడుకుపోయింది.

రాజేశ్వరి గ్లాసు అందిస్తూ నొచ్చుకుంది. "గట్ల కాదన్నా, తప్పు పాడుతున్నవ్. గాడ ఆగద్దు. నా గొంతుల పాట, మా బాపు మీది పాట, నాకెరుక లేదా?"

ఓదెలు శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"నువ్వే పాడు చెల్లె," అన్నాడు. "నేర్చుకుంట."