గోడలు తట్టిన మనిషి

వచ్చినాయన చెప్పులు వాకిట్లోనే విడిచాడు. లోపలికి రాలేదు. ముందు గోడను తట్టి చూశాడు.

అరుగు మీద బియ్యం చెరుగుతున్న భువనేశ్వరి ఓరకంట గమనించింది. తెల్లచొక్కా, చంకలో గొడుగు. వడమాలపేటలో ఎప్పుడూ చూడని ముఖం.

"ఎవురు సామీ? ఏం కావాల?"

"మాది సత్యవేడు పక్కనమ్మా. ఈ దావన పోతా ఉంటే ఇల్లు కండ్లబడింది. పాత ఇటుకిండ్లంటే నాకు పిచ్చి. ఒకసారి సూడొచ్చునా?"

పిచ్చో, పన్నాగమో! తిరుపతిలో ఉన్న మరిది మునీంద్ర ఈ ఇల్లు అమ్మేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు. ఇప్పటికే ఇద్దరిని పంపాడు. వాళ్లూ ఇట్లాగే దోవన పోతూ దాహమేసి వచ్చినవాళ్లే. ఇంటి గురించి నాలుగు చెడ్డమాటలు చెప్పి ఇద్దరినీ సాగనంపింది. ఈ ఇల్లు తన కొడుకు కిరణ్‌కు మిగలాలి. ఆమెకు వేరే ఆశ లేదు.

"సూడు సామీ, సూస్తే ఏం పోయె!"

ఆయన మూరెడు మందం గోడను అరచేత్తో తడిమాడు. పలకల్లాంటి సన్నటి ఇటుకలు. గానుగ సున్నం. పైన టేకు దూలాలు.

"ఎవురు కట్టించినారు?"

"మా మామ వాళ్ల నాయన. ఇటుకలు మా చేలోనే కాల్చినారంట." గర్వం గొంతు దాకా వచ్చింది. మింగేసింది. "ఏం లాభం? వానొస్తే ఇల్లంతా గిన్నెలు పెట్టాల."

పోయిన వానల్లో ఒక్క చుక్క కారలేదు.

"మీ పిల్లోడు పండుకునేది ఏ గదిలో?"

గదులు లెక్కేస్తున్నాడు, అనుకుంది. "యాడ సల్లగుంటే ఆడ."

ఆయన వంటింటి దగ్గర ఆగాడు. "ఈ అడ్డగోడ ఇటుక వేరే మాదిరి ఉండాదే. తర్వాత కట్టిందా?"

భువనేశ్వరి ఉలిక్కిపడింది. ఎంత చూపు! తను కడుపుతో ఉన్నప్పుడు, పొయ్యి పొగ తగులుతుందని మామ వరదయ్య తన చేతులతో కట్టిన గోడ అది.

"అన్నదమ్ములు తన్నుకోని కట్టుకున్నారు సామీ. తలకాయలు పగిలినాయి."

ఆయన గోడ మీంచి చెయ్యి తీసేశాడు. పాచిక పారుతోంది. ఇంకొకటి వేసింది.

"నీకాడ దాచేదేముండాది? ఈ ఇంటి వాస్తే మంచిది కాదు. ఈ గడప తొక్కిన కోడలు ఒక్కతీ సుకపడింది లేదు. మా అత్త ఏడ్సింది. నేను ఏడస్తా ఉండా."

ఆయన వెనక్కి తిరిగి గడప వైపు చూశాడు. "మీ పిల్లోడేమంటాడు మరి?"

ఓహో, వాడి సంతకం కోసం వాడి వెంట పడతాడా!

"వాడి మాట నమ్మొద్దు సామీ. పొద్దున అన్నమాట మాపటికి ఉండదు."

"మంచిదమ్మా. ఉన్నదున్నట్టు సెప్పినావు."

మజ్జిగ ఇస్తానన్నా ఆగలేదు. గొడుగు విప్పుకోకుండానే ఎండలో గబగబా వెళ్లిపోయాడు.

మూడోవాడూ పోయాడు. భువనేశ్వరికి నవ్వాగలేదు. పిల్లను దగ్గరికి తీసుకున్నట్టు ఆ అడ్డగోడకు చెంప ఆనించింది. "ఏమనుకోవద్దే," అంది దాంతో.

అప్పుడే పక్కింటి చెంగమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"వదినా, నీకింకా సెప్పనేలేదు, మన కిరణ్‌కు పిల్లనిస్తామన్న సత్యవేడాయన, తానెవురైందీ సెప్పకుండా ఇల్లు సూసిపోతానన్నాడంట, వచ్చినాడా?"