రేవు మెట్ల ఫొటో

నాయనమ్మ పెట్టెలో దొరికిన పాత ఫొటో ఎక్కడ తీసిందో సంయుక్త చీకటి పడ్డాక కనిపెట్టింది. బందరు కాలువ రేవు. ఫోన్ వెలుగులో అదే విరిగిన మెట్టు, అదే ఇనుప కడ్డీ కనిపించాయి. ఫొటోలో ఇంటిల్లిపాదీ ఈ మెట్ల మీదే కూర్చుని తిన్నగా ముందుకు చూస్తున్నారు. ముందున్నవి నీళ్లే.

ఆ మెట్టు మీదే కూర్చుని తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, మీరంతా రేవులో కూర్చున్న ఫొటో పడవలోంచి తీశారా?"

"ఫొటో ఏంటమ్మా? మా చిన్నాన్న కాలువలో మునిగిపోయిన రోజు అక్కడ కూర్చున్నాం. పైకి తేలతాడేమోనని తెల్లవార్లూ చూశాం. అప్పుడు ఫొటో ఎవరు తీస్తారు?"

"మనింట్లో కెమెరా ఎవరికుండేది?"

"ఆయనకే. పడేటప్పుడు కూడా మెడలోనే ఉంది."

చీకట్లో, నీళ్ల నడిమధ్య నుంచి, క్లిక్‌మని చప్పుడైంది.