తలుపు మీద ఆరు

కాదు, తప్పు కంప్యూటర్‌ది కాదు, ఆరుగురి ఊపిరి ఒక్క ముక్కుతో పీల్చమంటే ఏదైనా రొప్పుతుంది, అనుకున్నాడు లిఫ్టు మెకానిక్.

తెర మీద ఆరు విండోలు. ఆరింటిలోనూ ఒకే ఆట, ఒకే ఇల్లు.

ఆన్‌లైన్ ఆటలో ఆ ఇంటిని అతనూ, ఐదుగురు స్నేహితులూ కలిసి రెండేళ్ళపాటు కట్టుకున్నారు. నియమం ఒక్కటే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఆ ఆవరణలో ఆరుగురుండాలి. ఒక్కరు తగ్గినా ఇల్లు కూలుతుంది. మళ్ళీ లేవదు.

తర్వాత ఒకడికి పెళ్ళయింది. ఒకడికి విసుగొచ్చింది. వాళ్ళలోనే ఉన్న అతని బావ పోట్లాడి మానేశాడు. పోతూ పోతూ అందరూ పాస్‌వర్డులు మెకానిక్ చేతిలో పెట్టారు.

"ఒక్క నెల చూసుకోరా" అన్నారు.

మూడేళ్ళయింది.

వారమంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళను బయటికి లాగే మనిషి, ఆదివారం తానే గదిలో ఇరుక్కుంటాడు. ఆరూ తెరుచుకోవడానికి గంట పడుతుంది. ఆ గంటలో కుర్చీలోంచి లేవడు. లేస్తే ఏదో ఒకటి ఆగిపోతుందని భయం.

"అన్నయ్యా, టిఫిను చల్లారిపోతోంది!" తలుపవతల చెల్లెలు. "ఒక్కడివే వస్తావా, ఆరు ప్లేట్లు పెట్టనా?"

"పన్నెండయ్యాక!"

"అప్పటికి భోజనమే తిందువులే మహానుభావా!"

అన్నిటికన్నా మొరాయించేది బావ విండో. దాన్ని ఎప్పుడో బొటనవేలి గోరంత చేసి తెర మూలకు నెట్టేశాడు. ముఖం చూడబుద్ధి కాక, బావ బొమ్మను ఇంటి వెనక గదిలో నిలబెట్టాడు. తలుపు మీద, ఆవరణలో ఎందరున్నారో చెప్పే అంకె కనిపిస్తుంది. అది ఆరు అయితే చాలు. ఎవరెవరో అతనికి అక్కర్లేదు.

మూడున్నర నెలల కిందట ఆ వాకిట్లోకి ఒక కొత్త మనిషి రావడం మొదలుపెట్టాడు. ఆటలో అతని పేరు చీపురుపుల్ల. ఏమీ అడగడు. గోడవారగా కూచుంటాడు. పన్నెండు దాటగానే లేచి పోతాడు.

ఒక ఆదివారం అతనే చాట్‌లో పలకరించాడు.

"ఆరూ ఒక్కసారే తెరుస్తున్నారాండీ?"

మెకానిక్ గతుక్కుమన్నాడు. "నీకెవరు చెప్పారు?"

"మీవాళ్ళంతా ఒకే క్షణంలో బిగుసుకుపోతారు, ఒకే క్షణంలో కదులుతారు. వేరువేరు ఇళ్ళల్లో కూచున్నవాళ్ళు అలా కూడబలుక్కుని గుటకలు మింగరు కదండీ."

"అయితే ఏమంటావ్?"

"ఒకటి తెరిచి, అది కుదుటపడ్డాక రెండోది తెరవండి. మీరు చూసే విండో ఒక్కటే బాగా ఉంచుకుని, మిగతావాటికి నీడలూ శబ్దమూ తీసేయండి. బొమ్మలు కదిలే వేగం కూడా తగ్గించండి. మెషీను కాస్త ఊపిరి తీసుకుంటుంది."

చెప్పినట్టే చేశాడు. నిజంగానే ఫ్యాను రొద తగ్గింది. థాంక్స్ చెప్పడానికి మాత్రం చేతులు రాలేదు. గుట్టు తెలిసినవాడికి కృతజ్ఞత చూపించడం కష్టం.

పోయిన ఆదివారం, పన్నెండు దాటాక, చీపురుపుల్ల లేవలేదు.

"ఏమండీ, వెనక గదిలో ఉండే మనిషి విండో ఒకసారి పెద్దది చేసి చూస్తారా?"

"మా వెనక గదితో నీకేం పని?"

"మాకూ ఇలాంటి ఇల్లుండేది. నేనూ ఒక్కణ్ణే ఆరుగుర్నీ నడిపేవాణ్ణి. ఇలాగే పోయిందండీ."

ఇల్లు పోగొట్టుకున్నవాడు! అదీ సంగతి, అనుకున్నాడు మెకానిక్. గూడు లేని పిట్ట ఊరికే వచ్చి గోడవారన కూచుంటుందా?

"ఇదిగో పుల్లా, ఊడ్చుకోవాలని ఉంటే వేరే వాకిలి చూసుకో!"

"తిట్టండి, ఫర్వాలేదు. చూసి తిట్టండి."

చూడలేదు. ఆ పేరును 'రాకూడనివాళ్ళు' జాబితాలో పెట్టి గేటు మూసేశాడు.

ఈ ఆదివారం మామూలుగానే కూచున్నాడు. ఒక్కొక్కటే తెరిచాడు.

తలుపు మీద ఐదు.

మెషీను నెమ్మదిగా ఉందేమోనని ఆగాడు. ఐదే.

పాటలు ఆపేశాడు. వేరే ప్రోగ్రాములన్నీ మూసేశాడు. కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఐదే.

పన్నెండుకు రెండు నిమిషాలు. గోరంత విండోను లాగి పెద్దది చేశాడు.

నల్లటి తెర. మధ్యలో ఒకే మాట: 'కనెక్షన్ తెగిపోయింది.'

మళ్ళీ తెరిచాడు. చక్రం తిరిగింది, తిరిగింది. బావ వెనక గదిలోకి వచ్చాడు. తలుపు మీద ఆరు. మెకానిక్ ఊపిరి వదిలేలోపే మళ్ళీ నల్లటి తెర.

పన్నెండయింది.

ఇల్లు చప్పుడు లేకుండా కూలింది. ముందు కప్పు, తర్వాత గోడలు. ఐదు బొమ్మలు బోడి నేల మీద తలోవైపు చూస్తూ నిలబడ్డాయి. వాటిలో ఏ ఒక్కదానికీ ఏడుపు రాలేదు.

చివరగా ఆట ఒక హాజరుపట్టీ చూపించింది. ఏ ఆదివారం పన్నెండింటికి ఎవరెవరున్నారో వరసగా ఉంది. తెలిసిన ఐదు పేర్లు. ఆరో వరసలో బావ కోసం వెతికాడు. పోయిన ఆదివారం దాకా పద్నాలుగు వారాలుగా బావ లేడు.



తర్వాత 'రాకూడనివాళ్ళు' జాబితా తెరిచి, ఇప్పుడు తెరవడానికి ఏ గేటూ మిగలలేదని తెలిసీ, అందులో ఉన్న ఒకే ఒక్క పేరును, ఆరో వరసలో పద్నాలుగుసార్లు ఉన్న ఆ పేరునే, తీసేశాడు.