భోక్తగారి సూప్

ఊరంతా షుగరు జబ్బు పోవడానికి వంట మాని సూప్ పొట్లాలకు మారాక, మా వీధిలో పొయ్యి వెలిగింది ఆ రోజే. నా భార్య కనకవల్లి తద్దినం. ఆవిడ పేర భోక్త తిన్నదే ఆవిడకు చేరుతుందని గారెలు వండి, భోక్తగా వచ్చిన సోమయాజులుగారికి విస్తరి వేశాను. ఆయన సంచీలోంచి సూప్ పొట్లం తీశారు! నిర్ఘాంతపోయాను.

"ఇదేమిటండీ? మరి మా ఆవిడ ఆకలో?"

"నాకింకా రెండు వారాలు ఇదే భోజనం మాస్టారూ. ఇంతకీ అమ్మగారు దేంతో పోయారు?"

"షుగరుతోనే. అప్పటికి ఈ సూప్ రాలేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. గారె తుంచారు. అది నోటిదాకా వెళ్ళేలోగా నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సూపే కానివ్వండి."

సూప్ కలుపుకున్న గ్లాసు ఖాళీ అయ్యాక, ఆనవాయితీ ప్రకారం "తృప్తేనా?" అని అడిగాను.

"ఆకలి తీరలేదు మాస్టారూ," అన్నారాయన. "తృప్తే."