నౌమ్ తండ్రి గుండె

"వినపడట్లేదు," అంది వాస్కా, రాతి మీంచి చెవి తియ్యకుండానే.

"సరిగ్గా ఆన్చు. దుద్దు అడ్డమొస్తోందేమో," అన్నాడు కుజ్మన్.

"దుద్దులు ఆస్పత్రిలోనే తీయించారు కదయ్యా. నీకేం గుర్తుండి చచ్చింది గనక!"

ఓహ్రిడ్ సరస్సు ఒడ్డున మఠం. అందులో చర్చి పక్క గదిలో, జనం నౌమ్ తండ్రి అని పిలుచుకునే సాధువు సమాధి. ఆయన పోయి వెయ్యేళ్ళు దాటింది. అయినా ఆ రాతికి చెవి ఆన్చితే లోపల ఆయన గుండె కొట్టుకోవడం వినిపిస్తుందని ఆ చుట్టుపక్కల పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. వినిపించినవాళ్ళు కోరుకున్నది జరుగుతుందంటారు. వాస్కా కోరిక పెద్దదేం కాదు. వచ్చే ఏడాది కూడా ఇక్కడికి రావాలి, అంతే.

అది జరగదని ఆమె భర్త కుజ్మన్‌కి తెలుసు. మంగళవారం నాడు బిటోలా ఆస్పత్రిలో డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, అతన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఏది తినాలనిపిస్తే అది పెట్టండి. ఇంకో రెండు నెలలు, చెర్రీలు పండేదాకా ఉంటే గొప్పే," అన్నాడు. కుజ్మన్ బయటికొచ్చి, "కాస్త నెమ్ము చేసిందట, తగ్గిపోతుందట," అని చెప్పాడు. నలభై ఏళ్ళు బస్సు ఇంజన్లు బాగుచేసిన మనిషికి అబద్ధమాడే పని ఎప్పుడూ పడలేదు. వాస్కా అతని మొహంలోకి ఓ క్షణం చూసి, "అయితే నౌమ్ తండ్రిని కూడా ఓ మాట అడుగుదాం పద," అంది.

"ఒక్కొక్కరికి ఒక్కసారేనమ్మా! వెనక బస్సు జనమంతా నిలబడున్నారు," అంటూ తలుపు దగ్గర కొవ్వొత్తులమ్మే ముసలమ్మ కేకేసింది.

"ఒక్క నిమిషం. ఆవిడకి ఒంట్లో బాలేదు," అన్నాడు కుజ్మన్.

"ఒంట్లో బాగుంటే ఇక్కడికెవరొస్తారు నాయనా?"

వాస్కా రెండో చెవి కూడా ఆన్చింది. చాలాసేపు అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయన గుండె నాకు వినిపించదయ్యా," అంది చిన్నగా.

ఆ మాట వినగానే కుజ్మన్ ఆమె పక్కనుంచి కదిలాడు. దణ్ణం పెట్టుకునేవాడిలా సమాధి రెండో కొసకి వెళ్ళి మోకరిల్లాడు. ఎవరూ చూడకుండా, ఆ కొసన రాతి మీద కప్పిన బట్ట కిందికి చెయ్యి పోనిచ్చి వేలి కణుపుతో రాతి మీద మెల్లగా తట్టాడు. డబ్ డబ్. కాస్త ఆగాడు. డబ్ డబ్. ఏ ఇంజన్ ఏ వేగంతో తిరగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గానీ, సాధువు గుండె సంగతి అతనికేం తెలుసు? తోచినట్టు కొట్టాడు.

వాస్కా కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమయ్యా! కొట్టుకుంటోంది!"

"చెప్పానా మరి!"

వరసలో ఆడవాళ్ళు గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నారు. వాస్కా ఏడుస్తూ నవ్వింది.

"ఇప్పుడు నువ్విను," అందామె లేస్తూ.

"నాకెందుకే? నేనివన్నీ నమ్మనని నీకు తెలీదూ?"

"నమ్మకపోతే మానె. నా కోసం విను. ఏదో ఒకటి కోరుకో."

ఇద్దరూ చోట్లు మారారు. కుజ్మన్ రాతికి చెవి ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక దేవుణ్ణి ఏదీ అడిగి ఎరగడు. ఇప్పుడు అడిగాడు. 'ఆ డాక్టరు మాట అబద్ధమని తేల్చు తండ్రీ. ఇంకేమీ వద్దు.'

రాయి చల్లగా ఉంది. ఏ చప్పుడూ లేదు. ఏముంటుంది, రాతిలో? తల ఎత్తబోయాడు.

డబ్ డబ్.

ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ డబ్ డబ్. చెవిలో నెత్తురు పోటేమో అనుకున్నాడు. కాదు. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పడంలో ఆ చెవి నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా పొరబడలేదు. ఇది రాతిలోంచే వస్తోంది! ఆస్పత్రి మెట్ల మీద కూడా ఏడవని కుజ్మన్‌కి అక్కడ ఏడుపు ముంచుకొచ్చింది.

"వాస్కా! కొట్టుకుంటోందే! ఒట్టు, నిజంగానే కొట్టుకుంటోంది!" అంటూ కళ్ళు తెరిచాడు.

సమాధి రెండో కొసన, ఇందాక తను మోకరిల్లిన చోటనే, వాస్కా మోకరిల్లి ఉంది. కప్పిన బట్ట కింద ఆమె వేలు రాతిని ఇంకా తడుతూనే ఉంది.