ఫోన్‌లో ఉస్తాద్

"నా బండి నాకియ్యి ఎల్లన్నా. నరేందర్ దగ్గరికి తోల్కపోత."

ప్రేమ్‌చంద్ ఆ మాట అనగానే ఎల్లయ్య చేతిలోని పానా కింద పెట్టాడు. దంతాలపల్లిలో ఆయన ఇంటి వాకిలే షెడ్డు. సామాను విప్పుకోవడానికి కొన్న మూడు పాత లారీలు గోడ వెంట ఉన్నాయి. వాటి పక్కన ప్రేమ్‌చంద్ లారీ ఎనిమిది రోజులుగా ఉంది. ఇంజన్‌లో టక్ టక్ అని చప్పుడు. ఎల్లయ్య కింద చాంబర్ విప్పి బేరింగులు రెండుసార్లు మార్చాడు. చప్పుడు పోలేదు.

"ఇంకో రెండు దినాలు ఆగరాదు," అన్నాడు ఎల్లయ్య.

"ఎనిమిది దినాలు ఆగిన. వడ్ల సీజనన్నా. నా తక్కిన మూడు బండ్లు గూడ ఇగ ఆడికే. ఏమనుకోకు."

"మొన్నటిదాంక ట్రాక్టర్ తోలినోడు వాడు. ఎవని దగ్గర నేర్చిండు పని?"

"ఆనికి ఓ ఉస్తాద్ ఉన్నడట. ఇంజన్ చప్పుడు ఫోన్లనే ఇంటడట, ఫోన్లనే చెప్తడట. ఇంజన్ ఇప్పే పనే లేదట."

లారీ టక్ టక్ అంటూనే రోడ్డెక్కింది. ఎల్లయ్య పనిలో సగం ఆ నాలుగు లారీలదే. కొడకండ్ల నుంచి వచ్చే ఇద్దరు ఓనర్లు దసరాకే అటు మళ్లారు. అయినా ఆయనకు నరేందర్ మీద కంటే ఆ ఉస్తాద్ మీద ఎక్కువ మండింది. తాను వరంగల్‌లో ఏడేళ్లు తన్నులు తిని నేర్చిన పని వాడికి ఫోన్‌లో దొరుకుతోంది.

అరగంట కూడా కూర్చోలేకపోయాడు. వంటింట్లోంచి భార్య అన్నం తిని పొమ్మంటున్నా వినకుండా మోటర్‌సైకిల్ తీసి నర్సింహులపేట దారి పట్టాడు.

తండాలో నరేందర్ ఇంటి ముందు రెండు పాత లారీలు టైర్లు లేకుండా రాళ్ల మీద నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని ఎల్లయ్య గుర్తుపట్టాడు. జనగామలో తాను చూసి, పనికిరాదని వదిలేసిన లారీ. ఇప్పుడు దాని డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కడిగి, గుడ్డలో చుట్టి క్యాబిన్‌లో పెట్టి ఉన్నాయి. ఎల్లయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రా కాకా. ఏం పని మీద వచ్చినవ్?" అన్నాడు నరేందర్. చేతిలోని ఫోన్‌ను జేబులో వేసుకున్నాడు.

"పాత సెల్ఫ్ మోటర్ ఉన్నదేమోనని."

"ఉన్నది. నేనే పంపిస్త తియ్. ఎండ ముదురుతున్నది, ఇంటికి పో రాదు."

"ఏందిరా, నేనుంటె నీ ఉస్తాద్ మాట్లాడడా? నా చెవు గూడ పనిచేస్తది, జర నన్ను గూడ ఇననియ్యి."

తన లారీకి ఆనుకొని నిలబడ్డ ప్రేమ్‌చంద్ నవ్వాడు. "నీ చెవు సంగతి ఎనిమిది దినాలు చూసిన గదనే అన్నా. చెయ్ నరేందర్, ఫోన్ చెయ్. మాపటికి లోడున్నది నాకు."

నరేందర్ ఇద్దరి మొహాలూ చూశాడు. ఇంజన్ స్టార్ట్ చేసి ఫోన్ కలిపాడు. ఫోన్‌ను ఇంజన్ పైన హెడ్డు దగ్గర పెట్టాడు. పంపు దగ్గర పెట్టాడు. బండి కిందికి దూరి చాంబర్ దగ్గర పెట్టాడు. బయటికొచ్చి చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ ఉస్తాద్... కింద గాదా? మీదనా?... సరే, ఒక్కొక్కటి ఒదులు చేస్త."

ఎల్లయ్య నాలుగడుగులు దగ్గరికి జరిగాడు. ఇంజన్ మోతలో అవతలి గొంతు వినిపించలేదు.

నరేందర్ నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటి వదులు చేసి బిగిస్తూ పోయాడు. మొదటిది, రెండోది, మూడోది. డీజిల్ కారుతోంది గానీ చప్పుడు అట్లాగే ఉంది. నాలుగోది వదులు చేశాడు. టక్ టక్ ఆగిపోయింది.

"నాజిల్ పోయింది. బేరింగ్ గాదు," అన్నాడు నరేందర్, ఎల్లయ్య వైపు చూడకుండా.

"పది నిమిషాలు," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఎల్లన్నా, పదంటే పదే నిమిషాలు."

నరేందర్ ఇంజన్ ఆపాడు. "ఉస్తాద్, లైన్ల ఉండు. నాజిల్ మార్చినంక మళ్ల ఇనాలె," అని ఫోన్‌ను మడ్‌గార్డు మీద పెట్టి, నాజిల్ కోసం పాత లారీ క్యాబిన్ ఎక్కాడు. ఏది బాగుందో చూడడానికి ప్రేమ్‌చంద్ కూడా వెంట వెళ్లాడు.

ఫోన్ మీద 'ఉస్తాద్' అని పేరుంది. కింద సెకన్లు నడుస్తున్నాయి.

ఎల్లయ్య దాన్ని తీసుకొని లారీ వెనక్కి వెళ్లాడు. గొంతు తగ్గించాడు.

"ఉస్తాద్, నమస్తే. నేను దంతాలపల్లి ఎల్లయ్యను."

ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"పెట్టెయ్యకు ఉస్తాద్. నీ అసొంటి చెవు మన చుట్టుపట్ల ఎవలకు లేదు. గీ పోరనికెందుకు చెప్తవ్? నా దగ్గరికి రా. నా ఇంట్లనే ఉండు. నువ్వెట్ల చెప్తె అట్ల ఇంట, ఎదురు మాట్లాడితె చెప్పుతోని కొట్టు."

అవతల ఆడగొంతు పలికింది.

"ముప్పై ఏండ్ల సంది నీ ఇంట్లనే ఉన్న. అన్నం చల్లారుతున్నది, జెప్పన రా."